చక్కగా పడిన బెజ్జం

రేపల్లె నుంచి తిరిగొచ్చిన మర్నాడు మా వీధిలో మందుల షాపు గాజు తలుపు ముందు వంగి నిలబడి, దాని కింది మూలనున్న చిన్న తెల్ల ముద్రని చూస్తున్నాను. షాపతను బయటికొచ్చి "ఏమి కావాల మేడం?" అని అడిగాడు. నీ తలుపు నిజం చెబుతోందా అబద్ధమాడుతోందా అని చూస్తున్నాను నాయనా అంటే నన్ను పిచ్చిదాని కింద జమకడతాడు. తలనొప్పి మాత్ర ఒకటి కొనుక్కుని ఇంటికి వచ్చేశాను. తలనొప్పి మాత్రం నిజంగానే ఉంది.

మాది గుత్తి. హిందీ పంతులమ్మగా చేసి రిటైరయ్యాను. ఏ ఊరు వెళ్ళినా గుడికంటే ముందు అక్కడ ఏం తయారుచేస్తారో చూడటం నాకు అలవాటు. చిన్నప్పటినుంచీ కుమ్మరి సారె దగ్గర నిలబడి అమ్మ చేత తిట్లు తిన్నదాన్ని. ఈసారి ప్రయాణానికి కారణం మా వరలక్ష్మి. టీచర్ ట్రైనింగు హాస్టల్లో నా పక్క మంచం ఆమెది. నిజాంపట్నం వైపు సముద్రం మీద బతికే కుటుంబం. ఉద్యోగం అయిపోయాక ఊరికే కూర్చోలేక రేపల్లెలో చేపల మార్కెట్టు ఎదురుగా ఒక గది అద్దెకు తీసుకుని, చేపలమ్మే ఆడవాళ్ళ పిల్లల కోసం ఒక చిన్న బడి పెడుతోంది. ఇప్పటిదాకా ఆ పిల్లలు మార్కెట్లో తడి గోతాల మధ్య, కత్తిపీటల పక్కన పొద్దుగుంకేదాకా కూర్చునేవాళ్ళు. తల్లులు సరేనన్నారు గానీ ఒక్క షరతు పెట్టారట. బుట్ట ముందు కూర్చున్నచోటు నుంచే బిడ్డ కనపడాలి. కనపడకపోతే పంపం. అందుకని వరలక్ష్మి రోడ్డు వైపు గోడ తీయించి, గాజు తలుపూ దాని పక్కన నేలదాకా గాజు పలకలూ పెట్టిస్తోంది.

"శుక్రవారం ప్రారంభం. నువ్వు రాకపోతే ఊరుకోను. వచ్చేదేదో తెనాలి మీదుగా రా, మా అద్దాలు ఎలా చేస్తారో చూసి మరీ రా" అంది ఫోనులో. నా బలహీనత ఆమెకు తెలుసు.

తెనాలి: కోసే చోటు

తెనాలిలో దిగీ దిగగానే ఇడ్లీ తిన్నాను. మా వైపు పొద్దున్నే ఉగ్గానీ బజ్జీ లేకపోతే పొద్దు పొడిచినట్టు ఉండదు. ఇక్కడ ఇడ్లీ మీద కారప్పొడి చల్లి, దాని మీద నెయ్యి ఇంత గరిటెతో పోసి ఇచ్చారు. ప్లేటు నలభై రూపాయలు. నెయ్యి చూసి భయపడ్డాను గానీ తిన్నాక ఇంకోటి చెప్పాను. బల్లకవతల ఉన్నాయన "కొత్తా అండి? అల్లం పచ్చడి అడగండి, అడిగితేనే వేస్తారు" అని చెప్పి తన గిన్నె నావైపు జరిపాడు. మా ఊళ్ళో ఎదుటివాళ్ళ గిన్నెలోంచి పచ్చడి వేసుకోవాలంటే కనీసం చుట్టరికమైనా ఉండాలి.

బాషా గారి అద్దాల షాపు నందివెలుగు రోడ్డులో ఉంది. తాత కాలంలో ఫోటోలకు ఫ్రేములు కట్టేవారట. తండ్రి కిటికీ అద్దాలకు మారాడు. ఈయన ఇళ్ళ ముందు తలుపులూ మెట్ల పక్క రెయిలింగులూ చేస్తున్నాడు. ఇంట్లోవాళ్ళతో ఉర్దూ, మాతో తెలుగు. అరవై దాటిన మనిషి. నేను ఎందుకొచ్చానో చెప్పగానే కుర్చీ వేయించి, "అద్దాలు కొనడానికొస్తారుగానీ చూడ్డానికి ఎవరొస్తారమ్మా! కూర్చోండి, టీ తాగండి ముందు" అన్నాడు.

గోనెపట్టా పరిచిన పెద్ద బల్ల మీద ఇద్దరు మనుషులు అద్దం పలకని పడుకోబెట్టారు. చిన్న చక్రమున్న కలం లాంటి కత్తిని కిరసనాయిల్లో ముంచి, బద్ద ఆనించి గీశారు. చర్రుమని ఒక్క చప్పుడు. గీత కూడా సరిగా కనపడలేదు. పలకని బల్ల అంచుకి జరిపి ఒక్క నొక్కు నొక్కితే టక్కున రెండుగా విడిపోయింది. తర్వాత అంచులు అరగదీసే మిషను. అది నీళ్ళు చిమ్ముతుంటే గాజుపొడి తెల్ల బురదగా కింద పేరుకుంటోంది. దగ్గరగా చూద్దామని పోయి ఆ బురదలో కాలు జారి కూలబడ్డాను. చీర కుచ్చిళ్ళన్నీ సున్నం వేసినట్టయ్యాయి. బాషా గారు కంగారుపడి కోడల్ని పిలిచారు. ఆ అమ్మాయి లోపలికి తీసుకెళ్ళి చీర అంచు కడిగి, "పిన్నిగారూ, మా షాపుకొచ్చి పడనివాళ్ళు లేరండి" అని నవ్వింది. అక్కడ అందరూ ఎవరినైనా ఏదో ఒక వరస పెట్టే పిలుస్తారు. అది నాకు భలే నచ్చింది.

మా వరలక్ష్మి తలుపుకి హ్యాండిల్ బెజ్జాలు వేయడం చూశాను. నీళ్ళు పోస్తూ ఒకవైపు నుంచి సగం, తిప్పి రెండోవైపు నుంచి సగం. తొందరపడితే అంచు పెచ్చు లేస్తుందట. అన్నీ అయ్యాక బాషా గారు ఎర్ర మార్కరుతో పలకల మీద "రేపల్లె – వరలక్ష్మి గారు – పిల్లల బడి" అని రాయించారు.

"ఇప్పుడిది మామూలు అద్దమేనమ్మా. పగిలితే కత్తులే. రేపు బాపట్ల పంపుతాం. అక్కడ కొలిమిలో పెట్టి కాలుస్తారు. అప్పుడు టఫెన్ గ్లాసు అవుద్ది. గట్టిగా ఉంటది, ఒకవేళ పగిలినా కల్లుప్పు లాగా రాలుద్ది గానీ కోసుకోదు. ఒకటే చిక్కు, కాల్చాక బ్రహ్మ దిగొచ్చినా కొత్త బెజ్జం పడదు. డ్రిల్లు పెడితే పలక మొత్తం భళ్ళుమంటది. అందుకే ఏ బెజ్జం కావాలన్నా ఇప్పుడే చెప్పండి అని మొత్తుకుంటా" అన్నారాయన.

మొత్తుకుంటా అన్న ఆ మాట దగ్గర నేను నవ్వాను. అప్పుడు నవ్వు వచ్చింది మరి.

బాపట్ల: కాల్చే చోటు

బాపట్లలో దిగిన పూట సూర్యలంక సముద్రానికి వెళ్ళాను. మేం ఎండిన వాగుల వాళ్ళం, అంత నీళ్ళు ఒక్కచోట చూస్తే మాకు నమ్మకం కుదరదు. మోకాళ్ళ లోతుకైనా దిగకముందే అల వచ్చి నా ఎడమకాలి చెప్పు పట్టుకుపోయింది. బజ్జీలమ్మే ఆమె "రెండోది కూడా ఇచ్చేయండక్కా, అదొక్కటి ఏం చేసుకుంటారు" అంది. ఊళ్ళోకొచ్చి రబ్బరు చెప్పులు కొనుక్కుని, మెస్సులో ముద్దపప్పూ గోంగూరా తిని పడుకున్నాను. సంగటి గుర్తురాలేదంటే అబద్ధమవుతుంది.

మర్నాడు అద్దాలు కాల్చే కార్ఖానాకి వెళ్ళాను. ఊరి బయట పొలాల మధ్య పొడుగాటి రేకుల షెడ్డు. మేనేజరు పేరు శేషగిరి. తెల్ల చొక్కా, వెనక్కి దువ్విన జుట్టు, నోరు తెరిస్తే 'అండి' లేని మాట లేదు. పొద్దుటి నుంచీ కరెంటు లేక ఇందాకే వచ్చిందనీ, కొలిమి ఇప్పుడే వేడెక్కిందనీ, మొదటి లోడు నా ఎదుటే పెట్టిస్తున్నామనీ ఎంతో ఆప్యాయంగా చెప్పాడు. గాజు పలకలు దొర్లే రోలర్ల మీద పడుకుని నిదానంగా లోపలికి పోయాయి. చిన్న కిటికీలోంచి చూస్తే లోపలంతా నారింజరంగు. కాసేపటికి అవతల బయటికి రాగానే పైనుంచీ కిందనుంచీ హోరుమని చల్లగాలి కొట్టారు. ఆ హోరుకి నా చెవులు గింగురుమన్నాయి. నిప్పుల్లోంచి తీసి గాలిలో నిలబెడితే అద్దానికి గట్టిదనం వస్తుందట. మంచి పని ఎక్కడ చూసినా నాకు మనసు నిండిపోతుంది, అక్కడా అలాగే నిండింది.

శేషగిరి కాల్చిన చిన్న ముక్క ఒకటి తెప్పించి, మూల మీద సుత్తితో ఒక్కటి వేశాడు. ముక్క అంతా ఒక్కసారిగా గులకలై రాలింది. నా దోసిట్లో పోశాడు. గట్టిగా పిడికిలి బిగించినా గీసుకోలేదు.

"పసిపిల్లలు ఆడుకున్నా ఏం కాదండి" అన్నాడు.

అప్పుడే షెడ్డు గోడకి ఆనించిన పలకల వరస నా కంట పడింది. అన్నింటికీ కింది మూల తెల్ల ముద్ర ఉంది. ఇది కాల్చిన అద్దం, భయం లేదు అని చెప్పే ముద్ర. ముందు పలక మీద ఎర్ర మార్కరుతో బాషా గారి షాపు రాత: రేపల్లె – వరలక్ష్మి గారు – పిల్లల బడి.

"ఇవి ఎప్పుడు లోపల పెడతారు?" అని అడిగాను.

"అవి అయిపోయినయ్యండి. లోడింగుకి పెట్టాం."

"పొద్దుటి నుంచీ కరెంటు లేదన్నారు. మొదటి లోడు ఇప్పుడే నా ముందు పెట్టారు. ఇవి తెనాలి నుంచి పొద్దున్నే కదా వచ్చింది?"

దాచడానికి ఏముంది అన్నట్టు శేషగిరి నవ్వేసి అసలు సంగతి చెప్పాడు. అది విన్నప్పటి నుంచీ నా ఒళ్ళు మండుతూనే ఉంది.

గాజు తలుపుకి తాళం కింద, నేల దగ్గర పెడతారు. ఈ చుట్టుపక్కల చాలామందికి అది కుదరదట. తలుపంతా బిగించాక ఇంటాయన సిద్ధాంతిని తెచ్చి చూపిస్తాడు. సిద్ధాంతి వంగి చూసి, తాళం కాళ్ళ దగ్గరేమిటి, లక్ష్మి కాళ్ళ దగ్గర ఉంటుందా, గుండె ఎత్తుకి మార్చండి అంటాడు. మార్చాలంటే కొత్త బెజ్జం కావాలి. కాల్చిన అద్దానికి బెజ్జం పడదు. అప్పుడు ఇంటాయన కార్ఖానా మీద పడి గొడవ చేస్తాడు.

"అందుకని ఎవరన్నా, తాళం సంగతి తర్వాత చెప్తాం అన్నారనుకోండి, ఆ పలకలు మేం కొలిమిలో పెట్టమండి. ముద్ర వేసి అలా పంపించేస్తాం. ఎక్కడ కావాలంటే అక్కడ బెజ్జం వేసుకుంటారు. ఎవరికీ గొడవ లేదు. రేపల్లె బిల్డింగ్ ఓనరు గారు కూడా ఫోన్ చేసి అదే అన్నారండి, తాళం సిద్ధాంతి గారు చెప్తారని."

"కాల్చకుండా కాల్చినట్టు ముద్ర ఎలా వేస్తారు?"

"ముద్ర ఎప్పుడూ ముందే వేస్తామండి. కాల్చాక వేయకూడదు."

వినండి! ముద్ర కాల్చినందుకు గుర్తు కాదు, కాలుస్తామన్న మాటకు గుర్తు. ఆ మాట నిలబెట్టుకుంటే నిలబెట్టుకున్నట్టు, లేకపోతే లేదు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఆ ముద్రలో నిజం అంత. పైగా తీసుకునేది మాత్రం కాల్చిన రేటే.

"తాళం ఎక్కడ కావాలో ముందే అడిగి తెలుసుకోవచ్చు కదా?" అన్నాను.

"అడుగుతామండి. సిద్ధాంతి గారిని కనుక్కుని చెప్తామంటారు. సిద్ధాంతి గారు తలుపు బిగిస్తేగానీ చూడరు. తలుపు బిగించాలంటే ముందు అద్దం కావాలి కదండి."

దీనికి నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. గుండ్రంగా తిరిగి తిరిగి మళ్ళీ కొలిమి గుమ్మం బయటే ఆగిపోయే లెక్క ఇది. అందులో ఒక్కరికీ తప్పు కనపడదు. ఓనరు అడిగింది తాళం గురించి మాత్రమే. సిద్ధాంతి చెప్పేది లక్ష్మి గురించి. కార్ఖానా చూసుకునేది గొడవ లేకపోవడం. ఆ అద్దం వెనక కూర్చునే పిల్లలు ఎవరి లెక్కలోనూ లేరు. నేను గొంతు పెంచాను. ఇన్నేళ్ళు తరగతి గదిలో పెంచిన గొంతు, షెడ్డులో పనివాళ్ళు ఆగి చూశారు.

"అక్కడ కూర్చునేది పసిపిల్లలయ్యా! పరుగెత్తుకుంటూ వచ్చి గుద్దుకునే వయసు. నేలదాకా అద్దం. పగిలితే కత్తులని మీ తెనాలాయనే చెప్పాడు. తాళానికి ఉన్న విలువ పిల్లలకి లేదా?"

"అయ్యో, అంత మాటెందుకండి. సాయంత్రం లోడులో పెట్టించేస్తాను. మీ మాటే నా మాట" అన్నాడు శేషగిరి చేతులు జోడించి. సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటానన్నాను. వేడి దగ్గర బయటివాళ్ళు ఉండకూడదని, రూలు ఉందని గేటుదాకా సాగనంపాడు. రూలు ఒక్కటి కూడా లేదనుకున్న చోట ఒక రూలు దొరికింది.

బాషా గారికి ఫోన్ చేశాను. "కాల్చమనే పంపానమ్మా! కాల్చకపోతే పోయేది నా పేరు. గట్టిగా అడుగుతా" అన్నారు. ఆయన గొంతులో కోపం నిజమే. అడిగారో లేదో నాకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే శేషగిరే ఫోన్ చేశాడు. "పెట్టేశామండి. బండి బయల్దేరింది. మీరు నిశ్చింతగా ఉండండి." ఈ 'అండి' తగిలిస్తే అబద్ధమైనా నిజమైనా ఒకే మర్యాదతో వినపడతాయి. అదే నా బాధ.

చెరుకుపల్లి మీదుగా

బాపట్ల నుంచి రేపల్లె బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కాలవలు, వరిచేలు, మళ్ళీ కాలవలు. మా వైపు ఒక్క బిందె నీళ్ళకి పడే పాట్లు తలుచుకుంటే ఈ పచ్చదనం మీద కూడా నాకు ఆ రోజు కోపమే వచ్చింది. పక్కనున్న పెద్దాయన "ఎవరి తాలూకండి? ఎవరింటికండి?" అంటూ నా వంశవృక్షమంతా అడిగాడు. విసుక్కుంటూనే అద్దాల సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "తాళం కాళ్ళ దగ్గర మాత్రం ఉండకూడదమ్మా" అన్నాడు. మిగతా దారంతా నేను కిటికీలోంచే చూశాను.

రేపల్లె: బిగించే చోటు

నేను వెళ్ళేసరికే బండి వచ్చేసింది. తలుపూ పలకలూ బిగించేశారు. ఎదురుగా రోడ్డుకవతల చేపల మార్కెట్టు. గదిలో నిలబడి చూస్తే బుట్టల ముందు కూర్చున్న ఆడవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే కనపడుతున్నాయి. గోడకి రంగు కొత్తగా ఉంది, చిన్న చిన్న చాపలు పరిచి ఉన్నాయి. వరలక్ష్మి నన్ను చూడగానే వచ్చి గట్టిగా పట్టుకుంది. "చూశావా, ఎలా ఉందో! అందరూ కనపడుతున్నారు" అంది. ఆ సంతోషం చూసి నోరు తెరవలేకపోయాను.

భోజనాల దగ్గర చెప్పాను. రొయ్యల వేపుడు, చేపల పులుసు వండింది. వింటూ వింటూ ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇప్పుడు ఇవి కాల్చినవా, కాదా?"

"పెట్టానంటున్నాడు. ముద్ర ముందూ ఉంది, ఇప్పుడూ ఉంది. చూపుకి తేడా ఏమీ లేదు. నాకు తెలియడం లేదు వరలక్ష్మీ."

ఆమె కంచం పక్కకి జరిపింది. "వాళ్ళు నన్ను నమ్మి పంపుతున్నారు సుజాతా. చేపల మీద ఈగ వాలితే కూడా ఊరుకోని మనుషులు, పిల్లల్ని ఇస్తున్నారు. రేపు తెరవకపోతే మళ్ళీ ఆ గోతాల మీదే కూర్చోబెడతారు. తెరిచాక ఏమన్నా అయితే నేను ఈ ఊళ్ళో తల ఎత్తుకోలేను" అంది.

ముహూర్తం

శుక్రవారం పొద్దున అందరూ వచ్చారు. బిల్డింగ్ ఓనరు రంగారావు గారు పట్టుపంచె కట్టుకుని సిద్ధాంతి గారిని వెంటబెట్టుకుని వచ్చారు. మార్కెట్టు తల్లులు వచ్చారు. వాళ్ళలో ధనమ్మ అనే ఆమెది పెద్దరికం. చంకలో మనవరాలు. బిగించినతను డ్రిల్లు సంచీతో సహా అక్కడే ఉన్నాడు. ఎందుకు ఉన్నాడో నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

సిద్ధాంతి గారు తలుపు ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చూశారు. వంగారు. లేచారు.

"తాళం కిందేంటండీ? లక్ష్మి పాదాల దగ్గర ఉంటుందా? గుండె ఎత్తుకి మార్పించండి" అన్నారు.

"నేనూ అదే అనుకున్నానండి" అని రంగారావు గారు బిగించినతని వైపు తిరిగారు. అతను అప్పటికే డ్రిల్లు తీస్తున్నాడు. అడ్డం పోదామని ఒక అడుగు వేశాను. వరలక్ష్మి నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"పొడవనివ్వు" అంది మెల్లగా. "కాల్చినదైతే పగిలిపోద్ది అన్నారుగా. పగలనివ్వు. తలుపు పోయినా సంతోషమే."

పిల్లల్నీ తల్లుల్నీ అందర్నీ దూరంగా జరిపించింది. బిగించినతనికి కళ్ళద్దాలు పెట్టించింది. ఏంటి ఈ హంగామా అన్నట్టు చూశాడతను. తడిమట్టిని దొన్నెలా చేసి అద్దానికి అంటించి, అందులో నీళ్ళు పోసి డ్రిల్లు ఆనించాడు. గుయ్యిమని చప్పుడు మొదలైంది. రంగారావు గారు పగలకూడదని పైకి చూసి దణ్ణం పెట్టుకున్నారు. నేను పగలాలని పెట్టుకున్నాను. నా జీవితంలో ఒక వస్తువు బద్దలవ్వాలని అంత గట్టిగా కోరుకున్నది అప్పుడే. పక్కన వరలక్ష్మి పెదవులు కదులుతున్నాయి. పగులు తల్లీ, పగులు, అంటోంది.

ఒకవైపు సగం దిగింది. అవతలికెళ్ళి రెండోవైపు మొదలుపెట్టాడు. చిన్న గుండ్రటి బిళ్ళ కిందపడింది. తలుపు చెక్కుచెదరలేదు. అంచు కూడా పెచ్చు లేవకుండా నున్నగా, గుండె ఎత్తులో బెజ్జం.

"ఎంత చక్కగా పడిందండీ!" అన్నారు రంగారావు గారు సంబరంగా. కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

వరలక్ష్మి మెట్టు మీద కూర్చుండిపోయింది. కళ్ళనిండా నీళ్ళు. అంత చక్కటి పనికి ఈమె ఎందుకు ఏడుస్తోందో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు.

నేను చెప్పాను. బాపట్లలో చూసిందంతా, విన్నదంతా చెప్పాను. కాల్చిన అద్దమైతే ఈపాటికి గులకలై కింద ఉండాలనీ, ఈ బెజ్జం పడటమే ఈ అద్దం మోసమనడానికి రుజువనీ చెప్పాను. పక్క పలకలూ అదే బండిలో వచ్చినవే.

"ముద్ర ఉంది కదండీ" అన్నారు రంగారావు గారు.

"ముద్రకేం, ముద్ర ఉంది!" అని అరిచాను. పెద్దమనిషి మీద అరవకూడదు. అరిచాను. "ముద్ర వేసినవాడు వేశాడు, తాళం మార్చమన్నవాడు మార్చమన్నాడు, పొడిచినవాడు పొడిచాడు. మీరంతా మర్యాదస్తులే. మరి తప్పు ఎక్కడుందండీ? పగిలాక ఆ పిల్లలకి తగిలే గాయంలో ఉంటుందా?"

"ముహూర్తం దాటుతోంది" అన్నారు సిద్ధాంతి గారు గడియారం చూసుకుంటూ.

వరలక్ష్మి కళ్ళు తుడుచుకుని లేచింది. "విప్పేయండి" అంది బిగించినతనితో. "తలుపూ, పలకలూ అన్నీ. ఒక్కటి కూడా ఉండకూడదు." అతను రంగారావు గారి వైపు చూశాడు. "ఆయన వైపు చూడకు. చేయించుకుంది నేను" అంది. ఇన్నేళ్ళలో ఆమె గొంతు అంత కటువుగా నేను వినలేదు.

అద్దాలన్నీ దించేసరికి గదికి ఒకవైపు మొత్తం ఖాళీ. ఎదురుగా లారీలు పోయే రోడ్డు. తల్లులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మార్కెట్టు వేళ అవుతోంది, పిల్లల్ని చంకనెత్తుకుని ఒక్కొక్కరే కదలసాగారు. అప్పుడు ధనమ్మ వరలక్ష్మి దగ్గరకొచ్చి అడిగింది.

"అంటే ఆ అద్దం మాకు చెప్పింది ఒకటి, అది ఇంకోటి. అంతేనా అక్కా?"

"అంతే ధనమ్మా."

"అది తెలిసి నువ్వే తీసేయించావు."

"ఉంచలేకపోయాను."

ధనమ్మ వెనక్కి తిరిగి, పోతున్నవాళ్ళని కేకేసింది. వాళ్ళలో వాళ్ళు ఏదో మాట్లాడుకున్నారు. ఒకామె కొడుకుకి ఫోన్ చేసింది. కాసేపటికి ఆటోలో నైలాను వల వచ్చింది. కొత్తదే, ఇంకా నీళ్ళు చూడనిది. ప్రారంభానికి వచ్చిన వరలక్ష్మి తమ్ముడూ ఇంకో ఇద్దరూ కలిసి, అద్దాలు తీసేసిన చట్రం చువ్వలకి పైనుంచి కిందిదాకా బిగించి కట్టారు, రాకపోకలకి ఒక మూల మాత్రం విప్పి కట్టేలా ఉంచారు. తల్లులు ఒక్కొక్కరే వచ్చి, వలని రెండు చేతులా పట్టి గుంజి చూశారు. కొన్నిచోట్ల ముడి నచ్చక విప్పి వాళ్ళే మళ్ళీ వేసుకున్నారు. దుమ్ము వస్తుంది, ఈగలు వస్తాయి, వాసన వస్తుంది. అన్నీ వచ్చాయి. ధనమ్మ మనవరాల్ని లోపల చాప మీద దించి, రోడ్డు దాటి, బుట్ట ముందు కూర్చుని ఇటు చూసి చెయ్యి ఊపింది. కనపడుతోంది. తర్వాత మిగతావాళ్ళు కూడా పిల్లల్ని వదిలి వెళ్ళారు.

ముహూర్తం దాటాక ఎప్పుడో బడి మొదలైంది. సిద్ధాంతి గారు అప్పటికి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం శేషగిరికి ఫోన్ చేశాను. ఎత్తడనుకున్నాను, మొదటి మోతకే ఎత్తాడు. నేను అన్నవన్నీ ఓపిగ్గా విన్నాడు.

"పెట్టించాలనే అనుకున్నానండి. సాయంత్రం లోడు నిండిపోయింది. దానికింత కోపమెందుకండి? అద్దాలు వెనక్కి పంపించండి. కాల్చి పంపిస్తాను. తాళం బెజ్జం కూడా పడిపోయిందంటున్నారు కాబట్టి ఇంక మార్చేది ఉండదు, నాకూ భయం లేదు" అన్నాడు.

"మా వాటి పక్కన గోడకి ఆనించి ఇంకా చాలా ఉన్నాయి. వాటికీ ముద్ర ఉంది. అవేమయ్యాయి?"

"అవా అండి? అవి వెళ్ళిపోయినయ్యండి. బిగించేసుకున్నారు కూడా."

"ఎక్కడ? ఎవరిళ్ళకి? వాళ్ళకి చెప్పారా?"

ఇంత చిన్న విషయం ఈవిడకి ఎలా అర్థమయ్యేట్టు చెప్పాలా అని ఆలోచిస్తున్నట్టున్నాడు. తర్వాత ఎంతో మర్యాదగా అన్నాడు.

"వాళ్ళెవరూ అడగలేదు కదండి."